రెక్కలు ముడవని ఈగ

(ప్రయోగశాలలో ఈగల గది. రిటైరైన తండ్రి సీసాలకు దూది బిరడాలు పెడుతున్నాడు. పండ్ల ఈగల జన్యువుల వివరాలు భద్రపరిచే డేటాబేస్‌లో పనిచేసే చిన్నకూతురు లోపలికి వచ్చింది.)

"…ముందా తలుపెయ్యి. ఈగలు పోతాయి."

"వేశాను నాన్నా. నేను చెప్పింది విన్నావా?"

"విన్నాన్లే. నేను కనిపెట్టిన జన్యువూ, ఆ రెండో ల్యాబువాళ్ళదీ ఒకటేనంటున్నారు మీవాళ్ళు."

"అనడం కాదు, ఒకటే. నువ్వు ఈ కొస పట్టుకున్నావు, వాళ్ళు ఆ కొస పట్టుకున్నారు. మధ్యలో ఏముందో అప్పట్లో ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు మొత్తం చదివితే, మా డేటాబేస్‌లో ఒకే జన్యువుకి రెండు పేజీలున్నాయి."

"ఉంటే ఉన్నాయి. ఎవరికడ్డం?"

"ఒక పేజీ చూసినవాళ్ళు రెండోది చూడట్లేదు నాన్నా. ఇక్కడ చేసిన ప్రయోగమే అక్కడ మళ్ళీ మొదట్నుంచీ చేసి చస్తున్నారు. కలిపెయ్యాలి."

"కలుపు. నేనొద్దన్నానా? పేరు మాత్రం నేను పెట్టిన గువ్వ అనే ఉంచు."

"ముందు అచ్చయిన పేరే ఉంచాలి. వాళ్ళు పెట్టిన తెరచాప అన్న పేరు ముందు అచ్చయింది."

"మీ రూలు మండిపోనూ! ముందు చూసింది నేను."

"చూశావు. రాయలేదు."

"ఎలా రాస్తాను? మీ అక్క ఆసుపత్రిలో ఉంటే కాగితాలు ముందేసుకుని కూర్చోమంటావా? పక్కనుంచి లేస్తే చాలు, చొక్కా పట్టుకునేది…"

"తెలుసు నాన్నా."

"నీకేం తెలుసు? అప్పుడు నువ్వెంత, ఇంతుండేదానివి. ఆ జన్యువు చెడితే ఈగ రెక్కలు ముడవదు. నిద్రలో కూడా విప్పుకునే ఉంటుంది. మీ అక్కా అంతే, రెండు చేతులూ బార్లా చాపి పడుకునేది. పక్కన ఇంకొకరికి చోటుండేది కాదు."

"ఆ ఇంకొకరు నేనే. మంచం మీంచి దబ్బున పడేది నేనే."

"…నవ్వించకు."

"నవ్వు నాన్నా. ఫర్వాలేదు."

"అది పోయాక జన్యువుకి దాని పేరు పెట్టి పత్రికకి పంపాను. అచ్చులో చూసుకుని మీ అమ్మా నేనూ ఎంత ఏడ్చామో. ఈ పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. నీ చేత్తో నువ్వే కొట్టేస్తావా?"

"వేరేవాళ్ళయితే ఒక మెయిల్ కొట్టి ఊరుకుంటారు. అందుకే నేను తీసుకున్నాను. పేరు పూర్తిగా పోదు. అడుగున, ఇతర పేర్లు అన్నచోట ఉంటుంది."

"అడుగున. చిన్నక్షరాల్లో."

"చిన్నక్షరాల్లోనే. కానీ గువ్వ అని కొట్టినా పేజీ తెరుచుకుంటుంది."

"ఎవరి పేజీ?"

"…తెరచాప పేజీ."

"అంటే, దాన్ని పిలిస్తే ఇంకెవరో పలుకుతారు. అంతేగా? వద్దు, నా వల్ల కాదు. ఫోటో చూడలేక బీరువాలో పెట్టేశాం. బట్టలు ఎవరికో ఇచ్చేశాం. నాకు మిగిలింది ఆ పేరొక్కటే. అదీ లాక్కోకండి. వద్దమ్మా గువ్వా, నీకు దణ్ణం పెడతాను."

"ఏమన్నావు నాన్నా?"

"ఏంటలా చూస్తావు? ఇప్పుడేమన్నాను?"

"ఏం లేదు. అక్క పోయినప్పట్నుంచీ నన్ను గువ్వా అనే పిలుస్తున్నావు, నేను పలుకుతున్నాను. ఒక్కసారి నా పేరు పెట్టి పిలువు నాన్నా."