ప్రార్థన నూనె

దిగుర్రి జయరాజయ్యా, ముందుగాల దిగుర్రి! పైలట్ ఛాయ్ తాగొచ్చే లోపల దిగుర్రి. నవ్వుతరేంది? నేను మజాక్ చేస్తలేను.

అసలు విమానం ఇంజన్ మీద సీసాడు నూనె గుమ్మరిస్తరా ఎవలన్న? పాస్టరయ్యా, మీ చెయ్యి గంత ధారాళమైతే ఎట్ల? దేవునికి ఒక చుక్క సాలదా?

మూడు దినాలు నేను, విమానాల ఇంజనీరు వనజ మేడం ఆ ఇంజన్ను తుడిసి తుడిసి అద్దం లెక్క చేసినం. ఎందుకు? నడిపి సూసినంక యాడన్న తడి కనబడితే గదే లీకు. నిన్న మీరొచ్చి ప్రార్థన చేసి, సీసా బోర్లేసి పోతిరి. ఇగ ఏది లీకో, ఏది ఆశీర్వాదమో ఎవనికి తెల్వాలె?

అవునయ్యా, తెలుసు. ఇరవై ఏండ్లు మూలకు పడి కోళ్ళు గుడ్లు పెట్టిన విమానం. మీ మిషనోళ్ళు పిలిస్తే కొత్తకోటల లారీలు రిపేరు చేసుకునే ఈ దావూద్ పానాలు పట్టుకొని ఉరికొచ్చిండు. ఇయ్యాల నల్లమల దిక్కు మందులు తీసుకొని పోతున్నరు. మంచిదే. ఊరంత వచ్చింది. మా హలీమాబీ గూడ ముందటి వరసల నిలబడ్డది. 'మా ఆయన చేసిన జహాజ్' అని కనబడ్డోళ్ళందరికి చెప్తున్నది.

అదే నా పరేషాన్.

ఇంజన్ నూనె కారకుంట పెట్టమని వనజ మేడం ఇచ్చిన గాస్కెట్టు నేను బిగిస్తుంటే చినిగిందయ్యా. ఒక్కటే ఉండె. చెప్తే ఇజ్జత్ పోతదని, లారీలకు కోసినట్లే అట్టముక్క కోసి పెట్టిన. పొద్దుగాల మేడం ఇంజన్ కింద తడి సూసి, 'ఇదేంది దావూద్ భాయ్?' అన్నది. 'పాస్టరయ్య నూనె మేడం' అన్న. ఆమె నవ్వి, ఎగరొచ్చని సంతకం పెట్టింది. మీ మీదికి నెట్టుడు అల్కగైంది. మంచోళ్ళు గదా మీరు!

గిటు సూడుర్రి, ఇప్పుడే ఇంజన్ కింద అద్దిన నా యేలు. మీ నూనె గింత నల్లగుంటదా?

లారీ అయితే పెబ్బేరు కాడ పక్కకు ఆపుతరు. మీదికి పోయినంక యాడ ఆపుతరు? మీకేమన్న అయితే మా అల్లాకు ఏం చెప్పాలె, మీ ప్రభువుకు ఏం చెప్పాలె? ఒక్క అబద్ధానికి రెండు దిక్కుల జవాబు చెప్పేంత దమ్ము నాకు లేదు.

ఆ... నవ్వుడు బంద్ చేసిండ్రు. బెల్టు ఇప్పుర్రి. వనజ మేడంకు మీరు చెప్పినా సరే, తిట్టించినా సరే.

హలీమాబీకి మాత్రం నేనే చెప్పుకుంట.