జమాలుద్దీన్ లొంగదీసిన జిగురు మిషను

ఎమ్మిగనూరు నేత మిల్లులో పడుగు దారానికి జిగురు కలిపేది ఇరవై రెండేండ్లుగా జమాలుద్దీనే. గంగాళంలో నీళ్లు పెట్టి, గోరుచిక్కుడు గింజల పొడి చల్లుతా కట్టెతో తిప్పితే ఒక్క ఉండ కట్టేది కాదు. పోయిన నెల కొత్త మిషను వచ్చింది. పైన గరాటాలో పొడి పోస్తే చాలు, కింద సుడి తిరిగే నీళ్లలో పడి, ఆగకుండా జిగురై బయటికొస్తుంది. దాన్ని నడిపే పని కోసిగి నుంచి వచ్చిన రూత్‌కి ఇచ్చినారు. మేస్త్రీ ఇప్పుడు చిక్కదనం గురించి ఆమెనే అడుగుతాడు. అప్పట్నుంచి జమాలుద్దీన్‌కి అన్నం సయించడం లేదు.

సాయంత్రం హుసేనమ్మ టీ అంగట్లో లారీ తిక్కయ్య కనపడంగానే మొదలుపెట్టినాడు. బెంచీ చివర రూత్ టీ తాగుతాంది. ఆమెకు వినపడాలనే గొంతు పెంచినాడు.

"నిన్న మిషను మొరాయించిందా లేదా? నేను పోయి చెవి ఆనించి విన్నా. యాడ ఉండ కట్టిందో నాడి పట్టినట్టు తెలిసిపాయ. ఒక్క గుద్దు గుద్దినా. నడిసింది."

"రూత్ బాగు చేసిందన్నారే," అన్నాడు తిక్కయ్య.

జమాలుద్దీన్ చెయ్యి విదిలించినాడు.

"ఆయమ్మ బట్ట పెట్టి తుడిసింది, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గుద్దుకు మిషను రెచ్చిపోయిందప్పా, జిగురు ఆగల్యా. తొట్లు నిండె, మిల్లు ఆవరణ నిండె, గేటు దాటి ఆదోని రోడ్డెక్కె. ఆదోనికి పోయే పత్తి లారీ దాంట్లో ఇరుక్కోని చక్రాలు తిరుగుతాండాయి గానీ కదలదు. నేను జిగురును జడ అల్లినట్టు అల్లి లాగితే, లారీతో పాటు ఎనకాల బస్సు కూడా వచ్చేసె."

"బస్సులో జనం?" అన్నది హుసేనమ్మ.

"టికెట్టు లేకుండా ఆదోనిలో దిగినారు. అంతటితో ఆగిందా? జిగురు పోయి ఆదోని కొండెక్కింది. దొర్లబోయే బండరాయి ఒకటి దానికి అంటుకోని నిలిచిపాయ. ఇప్పటికీ ఆడే ఉంది, పోయి చూసుకోండి."

తిక్కయ్య నవ్వు ఆపుకోని అడిగినాడు. "ఇంతకీ మిషను ఎందుకు మొరాయించిందన్నా?"

"ఇంకెందుకు? గరాటాలో పొడి తడిసింది. చెంబుడు నీళ్లు పడితే చాలు, గడ్డకట్టి గొంతుకు అడ్డం పడతాది. ఆ మాత్రం చూసుకోనోళ్ల చేతికి మిషను ఇస్తే అంతే."

రూత్ గ్లాసు కింద పెట్టింది.

"జమాలన్నా, గరాటా మూత తీసింది నేనొక్కదాన్నే. పొడి తడిసిందని ఎవురికీ సెప్పల్యా. పైపు పూడుకుపోయిందని మేస్త్రీకి సెప్పినా. చెంబుడు నీళ్లని నీకెట్ల తెలుసు?"

తిక్కయ్య మొహంలో నవ్వు పోయింది. హుసేనమ్మ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. జమాలుద్దీన్ తలెత్తకుండానే అన్నాడు.

"ఒక్క చెంబే పోసినా తల్లీ."

"గడ్డ చూస్తే తెలియదా అన్నా," అన్నది రూత్. "రెండు చెంబులు."