పూల్ చుట్టూ కట్టిన కంచె

నా పేరు, చిరునామా పై కాగితంలో రాయించాను. వయసు యాభై ఆరు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ గురువారం పొద్దున ప్రార్థన ముగించుకుని నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చి, ఎస్సైగారి ఎదుట ఇది చెబుతున్నాను.

నా తమ్ముడు విదేశంలో ఇల్లు కట్టుకుంటున్నాడు. మా అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. తర్వాత నేనే పెంచాను. ఇంటి పని మొదలైనప్పటి నుంచి రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి, ఎంతవరకు వచ్చిందో చూపించేవాడు. పునాది నుంచి పైకప్పు దాకా ఆ ఇంటిని నేను ఫోన్‌లోనే చూశాను. కుళాయి ఎటు తిరగాలో కూడా నన్నే అడిగేవాడు. "వదినా, ఈ ఇంటికి ఇంజనీరు మీరే. మేమిద్దరం కూలీలం" అని మరదలు నవ్వేది.

అక్కడి మేస్త్రి మన భాష మాట్లాడే మనిషే. ఫోన్‌లో నేను కనబడితే దండం పెట్టేవాడు. "మీరు చూస్తున్నారంటే చాలమ్మగారూ, సిమెంటు భయపడి తొందరగా గట్టిపడిపోతోంది" అనేవాడు.

ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ తవ్వించారు. లోతు వైపు మనిషిన్నర ఎత్తు ఉంటుంది. తమ్ముడికి ఈత రాదు. "చిన్నప్పుడు నీళ్ళ దగ్గరికే పోనిచ్చేదానివి కాదుగా. ఇప్పుడు నీళ్ళే నా ఇంటికొస్తున్నాయి, ఏం చేస్తావ్?" అని నన్ను ఏడిపించేవాడు.

శనివారం సాయంత్రం మేస్త్రి పూల్ చుట్టూ ఇనుప కడ్డీలు పాతి, నారింజ రంగు వల కట్టాడు. నేను చూశాను. తమ్ముడు ఫోన్ అటు తిప్పితే మేస్త్రి వలను లాగి చూపించాడు. "రేపు సెలవు కదమ్మగారూ, ఇక్కడెవరూ ఉండం. సోమవారం టైల్స్ వాళ్ళు దిగుతారు. అందుకని ఇవాళే కట్టేశాను" అన్నాడు. నాలుగు వైపులా కంచె ఉంది. నేను చూశాను.

ఆదివారం తమ్ముడు ఒక్కడే లోపలికి వచ్చాడు. మరదలు బయట కారులో ఉంది. "అక్కా, ఇవాళ పూల్ మొత్తం ఒకేసారి చూద్దువుగాని" అన్నాడు. వల అడ్డొచ్చింది. "ఛ, ఇదొకటి నా ప్రాణానికి! ఆగక్కా" అని ఫోన్‌ను ఇటుకల మీద నిలబెట్టాడు. ఇంటి వైపున నా తమ్ముడు వల విప్పాడు. నేను చూశాను. రెండు కడ్డీలు పీకి గడ్డిలో పడేశాడు. చెప్పు వలలో చిక్కుకుంటే ఒంటికాలి మీద గెంతాడు. నేను నవ్వాను.

పూల్ బాగుంది. అడుగున వాడి నీడ పొడుగ్గా పడింది. "మళ్ళీ కట్టెయ్ రా" అన్నాను. "ఆ, కడతాలే" అన్నాడు. మరదలు హారన్ కొట్టింది. ఫోన్ తీసుకుని నడిచాడు. కారు తలుపు వేసేదాకా కాల్ నడుస్తూనే ఉంది. వాడు వెనక్కి వెళ్ళలేదు.

సోమవారం పొద్దున, మేస్త్రి రాకముందే, టైల్స్ వేసే అతను గడ్డం దాకా వచ్చే పెట్టె మోసుకుంటూ ఇంటి వైపు నుంచి వచ్చి పూల్‌లో పడ్డాడు. అందులో ఇంకా నీళ్ళు నింపలేదు. నడుము విరిగింది. ఆసుపత్రిలో ఉన్నాడు. కాళ్ళు కదలడం లేదట. ఇది నేను చూడలేదు. తమ్ముడు చెప్పాడు.

అక్కడి పోలీసులు మేస్త్రిని పట్టుకెళ్ళారు. మేస్త్రి అసలు కంచె కట్టనే లేదని వాళ్ళతో చెప్పింది నా తమ్ముడు. మంగళవారం ఫోన్‌లో తనే ఆ మాట నాకు చెప్పాడు.

"కట్టాడు కదరా. నేను చూశానుగా" అన్నాను.

"నువ్వు చూసినట్టు ఎవరికి తెలుసక్కా? నువ్వు ఊరుకుంటే చాలు."

"మేస్త్రి ఏమవుతాడు?"

"అతనికి లాయర్ని నేనే పెడతాలే. నేను లోపలికి పోతే ఈ ఇల్లు ఎవరు పూర్తి చేస్తారు? నీ గది కూడా అయిపోవచ్చింది."

ఆ ఇంట్లో నాకొక గది ఉంది. నా ప్రార్థన కోసం కిటికీ తూర్పు వైపు పెట్టించాడు. ఉద్యోగం మానేశాక అక్కడికే వెళ్ళాలనుకున్నాను. గది సంగతి కేసుకు అవసరం లేదని ఎస్సైగారు అన్నారు. రాయమన్నాను.

"నువ్వే వెళ్ళి నిజం చెప్పు. రేపటి దాకా చూస్తాను" అని తమ్ముడికి చెప్పాను. వాడు వెళ్ళలేదు. నిన్న మరదలు ఫోన్ చేసి ఏడ్చింది. "మీరు కన్నతల్లి కంటే ఎక్కువ అనుకున్నాం వదినా" అంది. సరిగ్గానే అనుకున్నారు అన్నాను.

"సొంత తమ్ముడమ్మా. ఇంకోసారి ఆలోచించుకోండి" అని ఎస్సైగారు అన్నారు. ఆలోచించుకునే వచ్చానన్నాను. ఈ కాగితం ఆ దేశం చేరేసరికి ఎన్నాళ్ళవుతుందో చెప్పలేమన్నారు. నకలు ఇస్తే ఆ దేశపు రాయబార కార్యాలయానికి నేనే పట్టుకెళ్తానన్నాను. అక్కడి కోర్టు పిలిస్తే విమానమెక్కి వెళ్ళి, మేస్త్రి ముందు, తమ్ముడి ముందు ఇదే చెబుతాను.

రాసినది ఎస్సైగారు నాకు చదివి వినిపించారు. ఒకచోట "ఎవరో ఒక వ్యక్తి వల విప్పినట్టు అనిపించింది" అని ఉంది. నా మీద జాలితో అలా రాసి ఉంటారు. అది కొట్టేయించి, "నా తమ్ముడు వల విప్పాడు. నేను చూశాను" అని రాయించాను. దిద్దిన చోట పక్కనే సంతకం పెట్టాను. మిగిలినదంతా నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. దేవుడి సాక్షిగా ఇదంతా నిజం.

(సంతకం)
తమ్ముడి అక్క