సముద్రానికి మోటరేసిన వీర్రాజు

ఆ దినం సాయంత్రం అయిదింటికి వీర్రాజుకు శాలువా కప్పుతరు. పోయినేడు జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పయ్యొకటి దాక ఒక్క సెలవు గూడ పెట్టకుండ డ్యూటీ చేసినోడు బొగ్గుబాయి మొత్తంల గాయన ఒక్కడే. ఇంటికాడ పెండ్లాం చంద్రమతి కొత్త చీరె తీసి పెట్టింది, క్వార్టర్ల లైనంత చెప్పి వచ్చింది. గీయన మాత్రం పొద్దటి షిఫ్టు దిగి, గోదావరిఖనిల బాయి గేటు ముంగట ఖదీర్ చాయ్ డబ్బా కాడ కూసున్నడు. కూసుంటే నోరు ఊకుంటదా?

పక్కపొంటి కూసున్న అదే షిఫ్టు పిలగాడు రాయమల్లు ఫోన్ల ఒక వీడియో చూపెట్టిండు. ఎవరో తెల్లోళ్లు, మొగుడు పెండ్లాం, రెండు డొక్కల తెరచాప పడవను ఇసుకల నిలవెట్టి, అండ్లనే కాపురముండుకుంట బాగుచేసుకుంటున్నరు.

"ఓస్, ఇదా!" అన్నడు వీర్రాజు. "ఇలాంటిదానికి మా కాకినాడ పక్కన ఉప్పాడలో నేనూ రెండు కోటింగులు రంగేశాను."

అక్కడ ఆగితే ఏ లొల్లీ లేకపోవు. కని రాయమల్లు "ఎప్పుడు కాకా?" అని అడిగిండాయె.

"పోయినేడు వేసవిలో. నలభై రోజులు!"

బెంచి ఆ కొసకు కూసున్న జలాలుద్దీన్ పెన్ను ఆపిండు. బాయిల హాజరు మస్టర్లు రాసే క్లర్కు గాయనే. సాయంత్రం మీటింగుల వీర్రాజు గురించి సద్వేటందుకు నాలుగు మాటలు రాసుకుంటున్నడు.

వీర్రాజు అటు చూడనే లేదు. "కేటమరాన్ అంటారు దాన్ని. మన తెప్పకి పెద్దన్న అనుకో. ఎవడో దొర ఇసుకలో వదిలేసి పోయాడు. బాయిలో పైకప్పు గట్టిగుందో లేదో కొట్టి చూస్తామా, అలా కర్రతో టకటకా కొట్టుకుంటూ పోయాను, డొల్లగా మోగిన చెక్కల్లా పీకేశాను. సందుల్లో దూదీ గుగ్గిలం కూరాను. కాపురం అందులోనే. ఎడమ డొక్కలో వంట, కుడి డొక్కలో పడక, మధ్యలో తులసికోట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నడు ఖదీర్, చాయ్ వడగట్టుకుంట.

"పీతలు మచ్చికైపోయాయి! పొద్దున్నే వరసకట్టి వచ్చేవి. తాళ్ళు కత్తిరించేవి కొన్ని, మేకులు పీకేవి కొన్ని. ఒక ముసలి పీత మేస్త్రీ. పన్నెండు కొట్టిందంటే పని ఆపేసేవి, ఒక్క నిమిషం ఎక్కువ చేసేవి కావు."

"యూనియన్ పెట్టుకున్నయా కాకా?"

"పెట్టుకోబోతే నేనే సర్దిచెప్పాను. ఇహ తెరచాపంటావా, చిరిగి పీలికలు. ఉప్పాడ పట్టుచీరలు నూటెనిమిది తెచ్చి కుట్టేశాను. ఆ జరీ మెరుపుకి లైట్‌హౌసువాడు పరిగెత్తుకొచ్చాడు. 'బాబ్బాబు, మడతెట్టెయ్యండి, ఓడలన్నీ మీ దగ్గరికే వచ్చేస్తున్నాయి, నా ఉద్యోగం ఊడిపోద్ది' అని కాళ్ళు పట్టుకున్నాడు!"

"భాయ్, నలభై దినాలంటివి?" జలాలుద్దీన్ మెల్లగ అడిగిండు.

"నలభయ్యొకటి!" వీర్రాజు ఊపు మీదున్నడు. "అసలు కష్టం ముందుంది. పడవని నీళ్ళలోకి దింపాలా, రెండొందలమంది తోశారు, కదిలితే ఒట్టు. నేనెవర్ని? పంపు ఆపరేటర్ని! ముప్పయ్యేళ్ళుగా బాయిలో నీళ్ళు తోడుతున్న చెయ్యి ఇది. పడవ సముద్రం దగ్గరికి పోవడమేంట్రా, సముద్రమే పడవ దగ్గరికి వస్తదన్నాను. యాభై హెచ్‌పీ మోటారు బిగించి స్విచ్చేశాను. గంటలో సముద్రం వచ్చి పడవ కింద నిలబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అండమాన్ నుంచి ఫోను! 'ఎవరండీ మోటరేసింది, మా ఒడ్డున నీళ్ళయిపోయాయి, చేపలు నడిచి వస్తున్నాయి, కాస్త కట్టెయ్యండి' అని!"

రాయమల్లు బెంచి కొట్టి కొట్టి నవ్విండు. జలాలుద్దీన్ మాత్రం నవ్వలే.

"వీర్రాజు భాయ్, నీ మస్టర్లు రాసిన చెయ్యి గూడ ఇదే. పోయినేడు ఎండాకాలం నీది ఒక్క దినం తప్పలే. నువ్వు ఉప్పాడల పీతలతోని ఉంటే, ఈడ పంపు ఎవలు నడిపిండ్రు? ఇప్పుడు మేనేజర్ సాబ్ ముంగట నేనేం సద్వాలె? సెలవు పెట్టలేదనా, పడవ బాగుచేసిండనా? ఏదో ఒకటి చెప్పు, జల్ది."

వీర్రాజు చాయ్ గిలాస బెంచి మీద పెట్టిండు. శాలువా ఓదిక్కు, పడవ ఓదిక్కు. నడుమల చంద్రమతి కొత్త చీరె కట్టుకొని నిలబడ్డట్టే కనవడ్డది.

"అబ్బే, అదంతా కల జలాల్ భాయ్!" అన్నడు చెమట తుడుసుకుంట. "రోజూ రాత్రి అదే కల. నలభై రాత్రులు!"

"రాత్రా?" జలాలుద్దీన్ కండ్లద్దాలు పైకి జరుపుకున్నడు. "గా నలభై దినాలు నువ్వే బతిమాలి నైట్ షిఫ్టు ఏపిచ్చుకుంటివి గద. అంటే డ్యూటీల పండుకున్నవా?"

రాయమల్లుకు పొలమారింది. ఖదీర్ చాయ్ గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డడు.

వీర్రాజు లేచి రెండు చేతులు జోడిచ్చిండు. "కలా లేదు, పడవా లేదు, పీతలూ లేవు! శాలువా ఒక్కటి కప్పించు భాయ్, నీకు పుణ్యముంటది!"

"మరి సముద్రం కాకా?" అన్నడు రాయమల్లు, దగ్గుకుంటనే.

"అమ్మతోడు!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు వీర్రాజు. "మా కాకినాడకి సముద్రమే లేదు బాబోయ్!"