ఆఖరి రీలులో క్షమాపణ

హాలీవుడ్‌లో సినిమాలకింకా మాటలు రాని రోజులు. స్టూడియోలో కట్టిన ఇంటి గుమ్మం దగ్గర, కథలోనూ బయటా మొగుడూ పెళ్లాలైన హ్యూబర్ట్, ఎలోయిస్. కెమెరా తిరుగుతోంది. దూరం నుంచి దర్శకుడు రేకు బాకాలో అరుస్తున్నాడు. పక్కన వాయిస్తున్న ఫిడేలు మోతలో వాళ్లిద్దరి మాటలు ఇంకెవరికీ వినపడటం లేదు.

"ఇక్కడ కూడా మొదలెట్టావా హ్యూబర్ట్?"

"ఇంకెక్కడ మొదలెట్టను? ఇంటికొస్తే తలుపు తియ్యవు. ఫోను చేస్తే మీ అక్క తీస్తుంది. కెమెరా ముందైతే మధ్యలో వెళ్లిపోలేవు గదా."

"తెలివే! ఆ తెలివి కాస్త నటనలోనూ చూపిస్తే బావుండేది."

"హ్యూబర్ట్! పాలసీసా పెట్టడానికొచ్చినవాడిలా నిలబడ్డావేమయ్యా? తప్పు చేసొచ్చిన మొగుడివి! మోకాళ్ల మీద పడు!"

"పడ్డాను, చూడు. ఇది కథలోది కాదు ఎలోయిస్. ఆ డోరిన్‌తో అంతా అయిపోయింది."

"నువ్వు వదిలేశావా, తను వదిలేసిందా?"

"ఎవరైతేనేం..."

"తనే అన్నమాట."

"ఎలోయిస్, కరగాలమ్మా! అలా బిగుసుకుపోతే ఎలా? కళ్లల్లో నీళ్లు, నీళ్లు!"

"ఈ దీపాల మంటకి ఎలాగూ కారుతున్నాయి. ఇంకేమైనా ఉందా చెప్పాల్సింది?"

"క్షమించు. అంతే. సినిమాల్లో ఎన్నిసార్లు క్షమించలేదు నన్ను! తాగొస్తే క్షమించావు, ఇల్లు తగలేస్తే క్షమించావు, టైపిస్టుతో పారిపోతే..."

"అవన్నీ రీలు అయిపోతోందని."

"ఒక్కసారి, నిజంగా."

"అలిసిపోయాను హ్యూబర్ట్. మొహానికి రంగు పూసుకుంటున్నా నీ మీద కోపమే, కాఫీ తాగుతున్నా కోపమే. ఎంతకని మొయ్యను?"

"అయితే దించెయ్యి."

"లేవనెత్తు అతణ్ని! గుండెకి హత్తుకో ఎలోయిస్! ఫిడేలు ఇంకా గట్టిగా!"

"లే. మెల్లిగా. మోకాలా?"

"ఆ, ఎప్పుడూ ఉండేదే. నువ్వు... నవ్వుతున్నావు."

"దించేశాను. ఇదిగో, ఇప్పుడే."

"నిజంగా? క్షమించినట్టేనా?"

"నిజంగానే. లోపల ఏమీ మిగల్లేదు."

"దేవుడా! అయితే సాయంత్రానికల్లా పెట్టె తెచ్చేసుకుంటా, మనింటికి—"

"అద్భుతం! సంసారమంటే ఇదయ్యా! అలాగే ఉండండి, కదలొద్దు, తెర చీకటయ్యేదాకా!"

"తెచ్చుకో. ఇల్లు ఖాళీగానే ఉంటుంది. కోపం ఉన్నన్నాళ్లూ నిన్ను వదిలి వెళ్లలేకపోయాను హ్యూబర్ట్. రేపు పొద్దున్నే రెనో రైలెక్కుతున్నాను, విడాకులకి."