విడిపోయే రోజు సంగతి ముందే అడిగిన వకేషో గారు

1991 మార్చి 4వ తేదీన, ఎర్రమట్టి అంటిన బూట్లతో, సహాయ గ్రంథపాలకురాలిగా మన పట్టణ గ్రంథాలయంలో అడుగుపెట్టిన శ్రీమతి డామారిస్ వకేషో గారు, ముప్పైఐదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం, కౌంటీ ప్రధాన గ్రంథపాలకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి వద్ద పని నేర్చుకున్న నాకు ఈ అభినందన రాసే అవకాశం దక్కడం నా భాగ్యం.

తొలి పదేళ్ళు వారు కొండ దిగువ కిత్తనార తోటల కూలీల వాడలకు పుస్తకాల పెట్టెలు చేరవేయడంలోనే గడిపారు. అక్షరం పట్ల వారికున్న నిష్ఠ ఎంతటిదో, పాఠకుడి మర్యాద పట్ల వారికున్న పట్టింపు అంతకు మించినది.

2008లో ఆ పట్టింపుకు పెద్ద దెబ్బ తగిలింది. మనకు తొలి కంప్యూటర్ వ్యవస్థను అమర్చిన సంస్థ అర్ధాంతరంగా మూతపడగా, దానితోపాటే ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో, ఎవరు తిరిగిచ్చారో తెలిపే మన వివరాలన్నీ గల్లంతయ్యాయి. కిలంబో అనే విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి పుస్తకం తిరిగివ్వలేదేమని మన ఉద్యోగిని ఒకరు నిలదీశారు. "ఇచ్చానమ్మా. నా మాట చాలదా?" అని ఆయన వెళ్ళిపోయారు. వకేషో గారు స్వయంగా వారింటికి వెళ్ళి క్షమాపణ చెప్పారు. ఆయన టీ ఇచ్చి పంపారే గాని, మళ్ళీ మన గడప తొక్కలేదు.

2017 జూన్‌లో, కౌంటీలోని తొమ్మిది గ్రంథాలయాలకు కొత్త వ్యవస్థను ఎంపిక చేసే సంఘంలో వకేషో గారు సభ్యురాలు. నైరోబీ నుంచి వచ్చిన ఒక సంస్థ ప్రతినిధి తెరమీద అద్భుతాలు చూపించి ముగించగానే, వారు ఒకే ప్రశ్న వేశారు.

"అంతా బాగుంది బాబూ. రేపు మేము మీ నుంచి విడిపోతే, మా వివరాలన్నీ మాతో వస్తాయా? ఇప్పుడే బయటికి తీసి చూపించు."

"పెళ్ళిచూపుల్లోనే విడాకుల మాటేంటి మేడమ్!" అని అతను నవ్వాడు.

"పెళ్ళయ్యాక అడిగితే నువ్వు వింటావా?"

గది గొల్లుమంది. అతను మాత్రం చూపించలేకపోయాడు. అందుకు వేరే ఒప్పందం కావాలన్నాడు.

మన శాఖాధికారి న్యాంబు గారు వారిని పక్కకు పిలిచారు. "జూన్ ముప్పై దాటితే నిధులు వెనక్కి పోతాయి. మొండితనం వద్దు వకేషో, సంతకం పెట్టమ్మా."

"నిధులు పోతే వచ్చే ఏడు మళ్ళీ అడుగుదాం సార్. పాఠకుల వివరాలు పోతే ఎవర్ని అడుగుతాం?"

వారు సంతకం చేయలేదు. సభ్యులందరి సంతకాలూ లేక ఒప్పందం ఆగిపోయింది, నిధులు వెనక్కి మళ్ళాయి, వారికి రావలసిన పదోన్నతి రెండేళ్ళు వెనక్కి జరిగింది. కొత్త బల్లలు కంప్యూటర్లు లేక బోసిపోతుంటే మనలో చాలామంది వారినే ఆడిపోసుకున్నాం.  మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చిన, దుంపలూ చిక్కుళ్ళూ మెదిపి చేసిన కిమంగాలో వారు మాత్రం ఎదురుపడి అన్నవారితో సహా అందరికీ ఓ ముద్ద పెట్టేవారు. ఆ ఏడాది పొడవునా, వివరాలను బయటికి తీసి చూపించి తీరాలనే కొత్త షరతులను తామే కూర్చుని రాశారు.

మరుసటి ఏడు మొంబాసాకు చెందిన ఒక చిన్న సంస్థవారు, సంఘం ముందర టీ చల్లారేలోగా, వివరాలన్నింటినీ బయటికి తీసి మరో యంత్రంలో తెరిచి చూపించారు. ఒప్పందం వారికే దక్కింది. నాలుగేళ్ళకు ఆ సంస్థ చేతులు మారగా, కొత్త యజమానులు సేవలు నిలిపివేశారు. శని, ఆదివారాల్లో మనం మన వివరాలన్నీ వెంటబెట్టుకుని మరో వ్యవస్థకు తరలిపోయాం. సోమవారం పొద్దున తొమ్మిది గ్రంథాలయాలూ మామూలుగానే తెరుచుకున్నాయి. జరిగినదేమిటో ఒక్క పాఠకుడికీ తెలియలేదు. ఎవ్వరి మాటనూ ఎవ్వరూ శంకించలేదు.

ఇన్నాళ్ళూ మనం దోచుకున్న వారి సాయంత్రాలను ఇకనుంచి భర్త మ్వకియో గారికీ, మనుమలకూ, చర్చి గాయకబృందానికీ సగౌరవంగా అప్పగిస్తున్నాం. వారు ఆయురారోగ్యాలతో, చూపు తగ్గకుండా, గొంతు వణకకుండా నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, పాఠకురాలిగా మన గ్రంథాలయానికి వచ్చి కిటికీ పక్క కుర్చీలో తీరిగ్గా కూర్చుని చదువుకోవాలనీ మనసారా కోరుకుంటున్నాం.