పోలే పోలే అన్న గుట్ట

"అంకుల్, మీరు, ఆంటీ కిలిమంజారో పోయిండ్రంట గద? మా ఇంటామె స్వాతి గూడ పోత అంటున్నది. ఆ గైడ్లను నమ్మొచ్చా?"

నమ్ముడా? కూసో వంశీ, చెప్త. నేను ఎవ్వన్ని నమ్మ, ముందే చెప్తున్న. ఈ మెల్‌బోర్న్‌ల ఇన్నేండ్లు రైలు పట్టాలల్ల పగుళ్ళు వెతుకుడే నా నౌకరి. కండ్లకు కనవడేదానికి కాదు, కనవడందానికే జీతం ఇచ్చిండ్రు నాకు. ఇగ ఒకడు పండ్లు ఇకిలిస్తె నేను వెంటనే ఎట్ల నమ్ముత?

అసలు కత మీ ఆంటీతోనే మొదలైంది. టార్నీట్ స్టేషన్‌కు పోవాలన్నా కార్ తియ్యి అనేది, రిటైరైనంక ఎవలో వాకింగ్ గ్రూపుల చేరింది. శనివారం పొద్దున యూ యాంగ్స్ గుట్ట, ఆర్వో, అదే ఈడోళ్ళ మధ్యాహ్నం, ఇంటికొచ్చి కాళ్ళకు మలాము. ఒకనాడు చాయ్ పోసుకుంట, "ఆఫ్రికాల గుట్ట ఎక్కుత" అన్నది. నాకు అనుమానమొచ్చింది. ఈ వయసుల గుట్టెందుకు, ఎవలు ఎక్కిచ్చిండ్రు ఈమెకు ఈ మాట? జగిత్యాలల మా అక్క ఫోన్‌ల ఏమన్నదెర్కనా, "గుట్టనే కావాలంటె కొండగట్టు లేదా తమ్మీ, ఆంజనేయస్వామన్న ఉంటడు" అన్నది. మా అక్క కత వేరే, ఆమె మోకాళ్ళ ఆపరేషనైనంక అందరి మోకాళ్ళ మీద పడ్డది. ఆ... ఏం చెప్తున్న? ఆ, పెండ్లాన్ని తెలువనోళ్ళ చేతుల పెడ్తమా? నేను గూడ పేరిచ్చిన. ఎక్కెటందుకు గాదు, కావలి ఉండెటందుకు. బూట్ల ధర ఇంటె మా నాయిన లేచొచ్చి తిడ్తుండె. రూపాయిన్నర చెప్పులతోని ఆయన జగిత్యాలంత నడిచిండు.

ఆడ కిలిమంజారో కాడ బరాక అని గైడు. పొడుగు మనిషి, ఎప్పుడు నవ్వు మొకమే. మొదటి అడుగు ఏసినమో లేదో, "పోలే, పోలే" అన్నడు. నువ్వే చెప్పు, మనకు పోలే అంటె ఏంది? పోలేదనే గద! ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు ఎవలన్న "ఎక్కడికి" అంటెనే వాపస్ వచ్చి కూసొని, ఇన్ని నీళ్ళు తాగి పోయేటోళ్ళం మనం. ఈడేంది, మొదలువెట్టకముందే పోలే అంటడు?

మీ ఆంటీ నవ్వింది. "వాళ్ళ భాషల మెల్లగ, మెల్లగ అని. మీద గాలి తక్కువుంటది, ఉరికితె తల తిరుగుతది" అన్నది. అర్థం తెలిసినా చెవి ఊకుంటదా? పొద్దంత పోలే, పోలే. ఎదురొచ్చినోడు పోలే, సామాన్లు మోసేటోడు పోలే. "అది బంజేసి స్లో అనరాదు బాబూ" అని బరాకకు చెప్పిన. ఓకే సర్ అన్నడు. మళ్ళ అదే పాట.

ఇగ నాకు అన్నీ అనుమానమే. పొద్దుమూకి టెంట్ల వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి సూస్తడు. విజయది... మీ ఆంటీది సూసి గుడ్ అంటడు. నాది సూసి పక్కోనితోని ఏమో గుసగుస. నన్ను ఎనుకకు పంపే ఉపాయం చేస్తున్నడనుకున్న. అల్లం చాయ్ ఇస్తె ముందు నువ్వు తాగు అన్న. తాగిండు, పాపం. మీ ఆంటీకి కోపమొచ్చింది. "నువ్వు గుట్ట ఎక్కుతున్నవా, పట్టాలు చెక్ చేస్తున్నవా?" అన్నది.

ఆఖరి రోజు పొద్దు పొడవకముందే బయలెల్లిచ్చిండ్రు. రెండడుగులేస్తె అడుగు ఎనుకకు జారే కంకర. తెల్లారేసరికి నాకు వాంతి. బరాక నా కండ్లల్లకు సూసి, "మీరు దిగాలె సర్" అన్నడు. సూసినవా, నేననుకున్నదే! మీ ఆంటీ దిక్కు సూసిన. నలభై ఏండ్ల సంసారంల ఎప్పుడు నా ఎనుకే నడిచింది. కాదు, తప్పు, నేనే ముందట నడిచిన. నాతోని దిగుతదనే అనుకున్న. ఆమె నా మఫ్లర్ సరిగ్గ చుట్టి, "నువ్వు దిగు, నేను సూసొస్త" అన్నది. అంతే. మళ్ళి గూడ సూడలే.

ఇంకో గైడు నన్ను కిందికి తోల్కొచ్చిండు. తలనొప్పి తగ్గింది గని మనసు ఆగలే. మాసన్ లేక్స్‌ల ఉన్న మా బిడ్డ, "డాడ్, లుక్ ఆఫ్టర్ మమ్" అని ఒక్క మాటే చెప్పింది. ఆడ ఏమన్నయితె దానికి ఏ మొకం సూపెట్టాలె? టెంటు ముందట కుర్చీ ఏసుకొని ఆ కంకర దిక్కే సూసుకుంట కూసున్న.

మిట్టమధ్యాహ్నం మీ ఆంటీ ఎర్ర జాకెట్ కనవడ్డది. ఎదురురికిన. ఊపిరందుతలేదు, అయినా ఉరుకుతనే ఉన్న. "విజయా, మీదికి పోయినవా?" అని ఒర్లిన. చలికి, దుమ్ముకు ఆమెకు గొంతు పోయింది. చెయ్యి ఊపుకుంట, "పోలే... పోలే" అన్నది.

గింత దూరమొచ్చి, పోలేదట! పోయి గట్టిగ పట్టుకున్న, అందరి ముందట. "పోకుంటె పాయె. గుట్ట ఏడికి పోతది? నువ్వొచ్చినవు, నాకు గది చాలు. నువ్వు లేకుంటె నేనేం జేస్త విజయా" అన్న. ఏడ్చిన గూడ, దాసుడెందుకు. పెండ్లయినకాడికెల్లి అసొంటి మాట అనలే నేను. ఆమె నా బుజం మీద తల పెట్టుకున్నది. బరాక ఏదో చెప్పబోతె చేత్తోని ఆపింది. అది సూసిన నేను. సూసి గూడ, పాపం, సిగ్గువడుతున్నది అనుకున్న. అన్నిట్ల అనుమానవడ్డోన్ని, అనుమానవడాల్సిన కాడ పడలే.

తెల్లారి జావ తాగుకుంట చెప్పింది. "నేను మీదిదాంక పోయిన. నువ్వు పిచ్చోని లెక్క ఉరికొస్తుంటె మెల్లగ రమ్మన్న, అంతే."

"మరి అప్పుడే చెప్పద్దా?"

"నువ్వు గంత మంచిగ మాట్లాడుతుంటె ఆపబుద్ది గాలే."

సూడు! గైడును నమ్మొచ్చా అని గద నువ్వడిగింది. గైడు మంచోడే, ఇప్పటికీ సగమే నమ్ముత అనుకో. మీ ఆంటీనైతె... అగో, కిచెన్‌ల గిన్నెల సప్పుడు ఆగింది, ఇంటున్నది. ఇంటె ఇననీ. నువ్వు గూడ పో బిడ్డా స్వాతితోని. నిన్ను దిగుమంటె దిగు, ఆమెను ఆపకు. ఆమెకు చెప్పాల్సిన మంచిమాట ఏదన్నుంటె మాత్రం ఈడనే చెప్పి పో, గంత మీద ఊపిరే సరిపోదు. సల్లగుండుండ్రి ఇద్దరు.